ఆక్టేవియా తర్వాత ఏది? నడుపుతుంటే మజా రావాలి, ఎనిమిదేళ్ళకు ఇల్లు గుల్ల కాకూడదు

నీలగిరి_నడక
మాది నల్లగొండ. 2014 స్కోడా ఆక్టేవియా కారు, 2.0 డీజిల్ మాన్యువల్, 1,42,000 కి.మీ. తిరిగింది. వారానికి రెండుసార్లు హైదరాబాద్, నెలకోసారి మిర్యాలగూడ, పిడుగురాళ్ళ మీదుగా గుంటూరు, అత్తగారిల్లు. ఏడాదికి 20,000 కి.మీ. ఎటూ పోదు. డ్రైవర్‌ను పెట్టను. తెల్లారి అయిదింటికి నార్కట్‌పల్లి నుంచి చౌటుప్పల్ దాకా ఖాళీ రోడ్డు దొరికితే ఆ రోజంతా నా మొహం వెలిగిపోతుందని మా ఆవిడ అంటుంది. అదీ నా పిచ్చి.

ఆన్‌రోడ్ 75 లక్షల దగ్గర గీత గీశాను. ఎస్‌యూవీ వద్దు, దయచేసి ఎవరూ ఆ మాట ఎత్తొద్దు. చూస్తున్నవి బీఎండబ్ల్యూ 330ఎల్ఐ, బెంజ్ సీ200, ఆడి ఏ4, టయోటా క్యామ్రీ. ఏది తీసుకున్నా ఎనిమిదేళ్ళు ఉంచుతా. మా నాన్న ఒక్క మాటే అన్నాడు: "బర్రెను కొనుడు పెద్ద పని కాదు, మేపుడు చూస్కో." ఆ మేపుడు సంగతి వాడినవాళ్ళు చెప్పండి. యూట్యూబ్ వీడియోలు చాలా చూశాను, ఒక్కడూ నాలుగో ఏడాది బిల్లు చూపించడు.

జడ్చర్ల_జంక్షన్
క్యామ్రీ.

పాలమూరు_పిల్లగాడు
వచ్చిండు మా క్యామ్రీ అన్న. ఈయన బైక్ అడిగినా క్యామ్రీయే అంటాడు. అన్నా, ఇంకో ఇరవై లక్షలు కలిపి బీఎండబ్ల్యూలోనే ఎం340ఐ తీస్కో. మూడు లీటర్లు, ఒకే వరసలో ఆరు సిలిండర్లు, 374 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ పవర్. బతికేది ఒక్కసారే.

లెక్కల_సారు
ఇంకో ఇరవై లక్షలు కలపమని ఎంత సులువుగా చెప్పావు తమ్మీ. నీ దగ్గర ఏ కారుంది?

పాలమూరు_పిల్లగాడు
ఆల్టో. అయితే ఏంది సార్, తెలిసింది చెప్పొద్దా?

స్పానర్_సత్తెన్న
ముందు నడిపే సంగతి తేల్చుకో, ఖర్చు తర్వాత చెప్తా. ఇరవై ఏళ్ళుగా ఇవే బండ్లు విప్పుతున్నా, పని అయ్యాక ట్రయల్ పేరుతో నడిపిందీ తక్కువేం కాదు.

330ఎల్ఐలో 258 హార్స్‌పవర్, 400 ఎన్‌ఎం టార్క్ (చక్రాన్ని తిప్పే బలం), జడ్‌ఎఫ్ కంపెనీ చేసిన ఎనిమిది గేర్ల డబ్బా. పవర్ వెనక చక్రాలకు పోతుంది. ముందు చక్రాలకు బండిని మలిపే పని ఒక్కటే, లాగే పని లేదు. అందుకే మలుపులో టైరు కింద రోడ్డు ఎట్లా ఉందో చేతికి తెలుస్తుంది. కానీ మన దగ్గర అమ్మేది పొడుగు బండి. మామూలు 3 సిరీస్ కంటే చక్రాల మధ్య దూరం 110 మి.మీ. ఎక్కువ. వెనక కాళ్ళు చాపుకునేవాళ్ళకు సుఖమే. నిలువుగా పోసిన ఊరి స్పీడ్ బ్రేకర్ ఎక్కించేటప్పుడు మాత్రం అడుగు తగులుతుందేమోనని నడిపేవాడికి కడుపులో దిగులు.

సీ200 ఇంజన్ 1.5 లీటర్లే, 204 హార్స్‌పవర్, 48 వోల్టుల చిన్న మోటార్ తోడు. లోపల రిసెప్షన్ హాల్‌లో ఉన్నన్ని లైట్లు. హైవేలో కుదురుగా, మెత్తగా పోతుంది. గట్టిగా తొక్కితే మాత్రం చప్పుడు వచ్చినంత పరుగు రాదు. ఏ4లో 2.0 పెట్రోల్, 204 హార్స్‌పవర్, ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్, ముందు చక్రాలు లాగే బండి. ఆక్టేవియా దిగి అది ఎక్కితే "మా బండే, సూట్ వేసుకొచ్చింది" అనిపిస్తుంది. బండి మంచిదే. కానీ అన్ని లక్షలు పోశాక ఏదో ఒకటి కొత్తగా ఉండాలె కదా.

నీ మజా మలుపుల్లోనా, తిన్నటి రోడ్డు మీదనా? అది చెప్పు ముందు.

నీలగిరి_నడక
సత్తెన్నా, మంచి ప్రశ్న. ఎన్‌హెచ్ 65 మీద మలుపులు ఏమున్నాయి, అంతా తిన్నటి రోడ్డే. ఏడాదికి రెండుసార్లు శ్రీశైలం పోతాం, ఆ ఘాట్ ఒక్కటే. మిగతాదంతా లారీని దాటడం, మళ్ళీ లేన్‌లోకి రావడం.

లెక్కల_సారు
అయితే నీ మజా ఉన్నది ఓవర్‌టేకింగ్‌లో. దానికి హార్స్‌పవర్ కంటే తక్కువ ఆర్‌పీఎంలో, అంటే ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడే వచ్చే టార్క్ ముఖ్యం. డీజిల్ చూశావా? బీఎండబ్ల్యూ 320ఎల్‌డి 190 హార్స్‌పవరే, కానీ టార్క్ 330ఎల్ఐకి ఉన్నంతే, 400.

నూనె ఖర్చు వేస్తా. పెట్రోల్ 107, డీజిల్ 96, ఏడాదికి 20,000 కి.మీ. అనుకుందాం. 330ఎల్ఐ లీటర్‌కు 10 ఇస్తే 2,14,000. 320ఎల్‌డి 15 ఇస్తే 1,28,000. క్యామ్రీకి కంపెనీ చెప్పేది 25.49, నేను 17 వేశాను, 1,26,000. పెట్రోల్ బీఎండబ్ల్యూకూ డీజిల్ బీఎండబ్ల్యూకూ తేడా ఏడాదికి 86,000. ఎనిమిదేళ్ళకు దగ్గర దగ్గర ఏడు లక్షలు. 

కానీ అసలు బొక్క నూనెలో లేదు. 75 లక్షల్లో లైఫ్ ట్యాక్సే షోరూమ్ ధర మీద 18 శాతం పైన, ఇన్సూరెన్స్ వేరు. గేటు దాటిన మరుక్షణం ఆ పన్నెండు, పదిహేను లక్షలు ఎవరికీ అమ్ముకోలేవు. ఆక్టేవియా నీ పేరు మీదే ఉంచుకుని ఇది కూడా నీ పేరు మీదే తీసుకుంటే రెండో బండి అని ఇంకో 2 శాతం వేస్తారు, చూసుకో.

మిర్యాల_మిల్లుబావ
సారు డీజిల్ అన్నడు కాబట్టి చెప్తున్న. నాది డీజిలే, జర్మన్‌దే, ఏ కంపెనీ అని అడగొద్దు, ఆ షోరూమ్ మేనేజర్ మా ఊరి అల్లుడు. మొదటి రెండేండ్లు రాజాలాగా తిరిగిన. తర్వాత ఇల్లు, మిల్లు, బ్యాంకు, మళ్ళీ ఇల్లు. రోజుకు ఆరు కిలోమీటర్లు. మసి ఫిల్టర్ బిగుసుకుపోయింది. బీఎస్6 అనే కాలుష్య నిబంధన కింద వచ్చే డీజిల్ బండ్లకు సైలెన్సర్ లైన్‌లో ఆ డీపీఎఫ్ ఉంటది. అది వేడెక్కి తనంతట తాను మసి కాల్చుకోవాలంటే బండి హైవే మీద ఇరవై నిమిషాలు ఆగకుండా పోవాలె. నేను పోలే. లైటు వెలిగితే "చూద్దాం తియ్" అన్న. లక్షా డెబ్బై వేలు.

నడక అన్న వారానికి రెండుసార్లు హైదరాబాద్ పోతడు కాబట్టి ఆయనకు ఆ బాధ ఉండదు. యాడ్‌బ్లూ (పొగను శుభ్రం చేసే యూరియా నీళ్ళు) పోసుకోవాలె, అది పెద్ద ఖర్చు కాదు.

రెండోది ఎలుకలు. నవ్వొద్దు. బియ్యం మిల్లులో బండి పెడితే ఎలుకకు ఇంజన్ వెచ్చగా ఉంటది, వైరింగ్ కొరికింది. ముప్పై రూపాయల వైరే. కానీ అక్కడొకటి ఇక్కడొకటి అతకం, మొత్తం సెట్టు మార్చాలె అన్నరు. ఇప్పుడు రాత్రి బానెట్ తెరిచి లైటు పెడుతున్న.

పాలమూరు_పిల్లగాడు
బావా, డెబ్బై లక్షల బండికి కాపలాగా ఒక పిల్లిని పెట్టుకో. సర్వీస్ కాస్ట్ గ్లాసు పాలు.

మిర్యాల_మిల్లుబావ
పెట్టిన. అది సీట్లో పడుకుంటుంది, లెదర్ గీకింది.

డిండి_దారి
ఘాట్ అన్నారు కాబట్టి నా ముచ్చట. శ్రీశైలం నుంచి వస్తున్నాం, మన్ననూర్ ఇంకా 20 కిలోమీటర్లు ఉందనగా టైరు రాయి అంచుకు కోసుకుపోయింది. టైరు పక్క గోడ చీలింది. నా బండికి వచ్చినవి రన్‌ఫ్లాట్ టైర్లు. గాలి పోయినా 80 స్పీడులోపు 80 కిలోమీటర్లు పోవచ్చని చెప్తారు. మేకు దిగితే నిజమే. గోడ చీలితే రన్‌ఫ్లాట్ లేదు, ఏ ఫ్లాటూ లేదు. డిక్కీలో స్టెప్నీ లేదు. సిగ్నల్ లేదు. రాత్రి తొమ్మిదికి చెక్‌పోస్ట్ గేట్లు వేస్తారు, తెల్లారి ఆరింటికి తీస్తారు. పిల్లలు వెనక సీట్లో "పులి వస్తుందా డాడీ" అని ఒకటే గోల.

చెంచుపెంట దగ్గర ఒకాయన జీపులో చెక్‌పోస్ట్ దాకా తీసుకొచ్చాడు. బండి టోయింగ్‌లో హైదరాబాద్ పోయింది. ఆ సైజు టైరు ఆ రోజు లేదన్నారు, రెండు రోజులు. ఒక్క టైరు 28,000. కొత్తది ఒకటే వేస్తే అరుగుదల తేడా వస్తుందని పక్కది కూడా మార్చాను.

ఏ బండి కొన్నా డిక్కీ తెరిచి అడుగున ఏముందో చూడు. స్టెప్నీ లేకపోతే మామూలు టైర్లు వేయించి, ఒక సన్న స్టెప్నీ కొనుక్కో. డిక్కీ సగం పోతుంది. పోనీ.

జడ్చర్ల_జంక్షన్
క్యామ్రీలో స్టెప్నీ ఉంటుంది.

పాలమూరు_పిల్లగాడు
తెలుసన్నా, తెలుసు.

జడ్చర్ల_జంక్షన్
ఎగతాళి చాలు తమ్మీ. ఎన్‌హెచ్ 44 మీద రోజూ తిరిగేవాణ్ణి చెప్తున్నా. అడ్డాకుల దగ్గర టిఫిన్, కర్నూలులో పని, రాత్రికి ఇల్లు. 2.5 లీటర్ హైబ్రిడ్, అందులో గేర్లు మారడం అంటూ ఉండదు, ప్లానెటరీ గేర్ల సెట్టు (నడిమి చక్రం చుట్టూ చిన్న చక్రాలు తిరిగేది) ఒకటే, కాలిపోయే క్లచ్ లేదు. బ్యాటరీకి ఎనిమిదేళ్ళు, 1,60,000 కి.మీ. వారంటీ. పోయినసారి సర్వీస్‌కు ఎంతయిందో కూడా గుర్తులేదు, అంత తక్కువ. తొక్కితే ఇంజన్ మూలుగుతుంది, అది ఒప్పుకుంటా. మజా అంటే నాకు సాయంత్రం ఇంటికి వచ్చాక నడుము నొప్పి లేకపోవడం.

గద్వాల_కోట
అందరూ కొత్తదే అని ఎందుకు అనుకుంటున్నారు? నాది మూడేళ్ళ పాతది, ఒకే ఓనర్, డాక్టర్ గారిది. ఆయన పోగొట్టుకున్న డబ్బే నాకు లాభం. కొత్త ధరలో సగానికి కాస్త ఎక్కువ పెట్టాను.

ఒక హెచ్చరిక. ఢిల్లీ నుంచి చవగ్గా వస్తున్నాయని ఎగబడొద్దు. అక్కడ డీజిల్ బండికి పదేళ్ళే అన్న నిబంధన భయంతో వదిలించుకుంటూ వచ్చారు. ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్, ఆఫీసు చుట్టూ తిరగడం కలిపితే చవక కాస్తా పోతుంది. మా బంధువు ఒకాయన అట్లా తెచ్చాడు, ఓడోమీటర్‌లో 41,000. బ్రేక్ పెడల్ రబ్బరు చూస్తే నున్నగా అరిగి ఉంది. స్కానర్ పెడితే బండిలోని ఇంకో కంప్యూటర్ మాడ్యూల్‌లో 1,18,000 బయటపడింది.

లెక్కల_సారు
కోట మాట నాకు నచ్చింది. పైగా 2025 సెప్టెంబర్ 22న పెద్ద సెడాన్ల మీద జీఎస్టీ, సెస్‌తో కలిపి 48 శాతం దాకా ఉన్నది, 40కి దిగింది. కొత్తవాటి ధర తగ్గితే పాతవాటి ధర కూడా తగ్గాలి. బేరంలో ఆ మాట వాడుకో.

మూసీ_గట్టు
ఎలక్ట్రిక్ ఎవరూ అనరేం? తెలంగాణలో 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. బీవైడీ సీల్ సెడానే, పెద్ద వేరియంట్ 530 హార్స్‌పవర్. ఎం340ఐ కలలు కనే తమ్ముడు కూడా చూడొచ్చు.

నీలగిరి_నడక
ఇంటి దగ్గర ఛార్జర్ పెట్టుకోవచ్చు, అది ఇబ్బంది కాదు. నడిపాను కూడా. తొక్కగానే తల సీటుకు అతుక్కుంది, రెండు నిమిషాలు నవ్వాను. తర్వాత చప్పుడు లేక, గేరు లేక బోరు కొట్టింది. నా వయసు ప్రభావం అయి ఉంటుంది.

కోదాడ_కంకర
ఇన్సూరెన్స్ దగ్గర ఎవరూ ఆగలేదు. 2024 సెప్టెంబర్ 1 వాన గుర్తుందా? మా కోదాడ సగం నీళ్ళలో ఉంది. మా బామ్మర్ది సెడాన్ వాకిట్లో సీటు దాకా మునిగింది. నీళ్ళు దిగాక వాడు చేసిన తప్పు ఒకటే, స్టార్ట్ అవుతుందా అని బటన్ నొక్కడం. గాలి పీల్చే గొట్టంలో నీళ్ళు, సిలిండర్‌లో నీళ్ళు. నీళ్ళను పిస్టన్ నొక్కలేదు కదా, కనెక్టింగ్ రాడ్ వంగింది. ఇంజన్ ప్రొటెక్షన్ తీసుకోలేదు. మునిగిన నష్టం ఇస్తాం, స్టార్ట్ చేసి పాడుచేసుకున్నది ఇవ్వం అన్నారు. పదకొండు లక్షల అంచనా. బండిని తుక్కు కింద ఇచ్చేశాడు.

జీరో డిప్ (పార్టుల పాతదనం కింద కోత పెట్టకుండా క్లెయిమ్ ఇచ్చేది), ఇంజన్ ప్రొటెక్షన్, టైర్ల కవర్, ఈ మూడూ ఎనిమిదేళ్ళలో దొరికినంత కాలం కట్టు. మునిగితే బటన్ ముట్టుకోకు, బ్యాటరీ పీకించి టో చేయించు.

స్పానర్_సత్తెన్న
కంకర చెప్పింది కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డులో పెట్టుకోండి.

ఇక ఖర్చు చెప్తానన్నా కదా. బీఎండబ్ల్యూకు మామూలు వారంటీ రెండేళ్ళు, బెంజ్‌కు మూడు. పైన డబ్బు కట్టి పొడిగించుకోవాలె, తప్పదు. ఆ గడువు అయిపోయాకనే మా షెడ్లకు వస్తాయి. వచ్చేది ఇంజన్ పోయి కాదు. రబ్బరు, ప్లాస్టిక్ పోయి. మే నెలలో నల్లగొండ ఎండ 45 దగ్గర ఉంటది, బానెట్ కింద ఎంతుంటదో ఊహించుకో. కూలెంట్ పోయే ప్లాస్టిక్ గొట్టాలు పెళుసెక్కుతాయి, వాల్వ్ కవర్ గాస్కెట్ ఆయిల్ చెమ్మ పడుతుంది, ఇంజన్‌ను మోసే రబ్బరు మౌంట్లు కూర్చుంటాయి, చక్రాల దగ్గరి కంట్రోల్ ఆర్మ్ రబ్బరు బుష్‌లు చీలుతాయి. ఒక్కొక్కటీ యాభై, అరవై వేల పని. అయిదో ఏడు నుంచి వరసపెట్టి వస్తాయి.

గేర్‌బాక్స్‌కు "లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చనక్కర్లేదు" అంటారు. ఎవరి లైఫ్? ఆ గేర్‌బాక్స్ తయారు చేసే జడ్‌ఎఫ్ కంపెనీయే 80 వేల నుంచి 1.2 లక్షల కి.మీ. మధ్య మార్చమంటుంది. ఫిల్టరు, అడుగు గిన్నె ఒకటే ముక్క, ప్లాస్టిక్‌ది, అది కూడా మారుతుంది. మార్చినోడి బండి రెండు లక్షలు దాటి తిరుగుతుంది, మార్చనోడు గేర్‌బాక్స్ కొంటాడు. బ్యాటరీ మార్చినా స్కానర్‌తో బండి కంప్యూటర్‌కు చెప్పాలె, లేకపోతే పాత బ్యాటరీ అనుకుని ఛార్జింగ్ తప్పుగా ఇస్తుంది. రోడ్డు పక్క ఎలక్ట్రీషియన్‌తో వేయించి మళ్ళీ నా దగ్గరకు వచ్చినవాళ్ళు ఎంతమందో.

వారంటీ అయిపోయే రోజుకు ఏడెనిమిది లక్షలు పక్కన పెట్టుకోగలిగితే జర్మన్ బండి కొను. లేకపోతే జడ్చర్లాయన మాట విను, సిగ్గేం లేదు.

ఇంకోటి. నీ ఆక్టేవియా షాక్ అబ్జార్బర్లు ఎప్పుడు మార్చావు?

నీలగిరి_నడక
మార్చలేదు.

స్పానర్_సత్తెన్న
1,42,000 కి.మీ. నుంచి అవే షాక్‌లతో తిరుగుతూ మజా పోయిందంటే బండి ఏం చేస్తుంది పాపం? షాక్‌లు, బుష్‌లు, నాలుగు మంచి టైర్లు వేయించు. లక్ష లోపు అవుతుంది. ఆ తర్వాత టెస్ట్ డ్రైవ్‌లకు పో. లేకపోతే షోరూమ్‌లో ఉన్న ప్రతిదీ నీకు రంభలాగే కనిపిస్తుంది.

డిండి_దారి
ఇది నిజం అన్నా. నేను షాక్‌లు మార్చాక మా ఆవిడ "కొత్త బండి కొన్నావా, నాకు చెప్పకుండా?" అంది.

నీలగిరి_నడక
నెల రోజుల తర్వాత వస్తున్నా. సత్తెన్న మాట విని ఆక్టేవియాకు 93,000 పెట్టాను. ముందు ఆ పని చేయకుండా పోయి ఉంటే మొదటి షోరూమ్‌లోనే చెక్కు రాసేవాణ్ణి.

నాలుగూ నడిపాను. సీ200లో మా ఆవిడ కళ్ళు మూసుకుని "ఇది చాలు" అంది. నాకు మాత్రం ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఇంకాస్త ఉంటే బాగుండు అనిపించింది. ఏ4 గురించి సూట్ మాట అక్షరాలా నిజం. క్యామ్రీ... జంక్షన్ అన్నా, గౌరవం పెరిగింది, కానీ స్టీరింగ్ వెనక నేనున్నా లేకపోయినా దానికి ఒకటే అన్నట్టు ఉంది. 330ఎల్ఐ ఎక్కాక మా ఆవిడ "నీ మొహం చూసుకో" అని అద్దం తిప్పింది. స్పీడ్ బ్రేకర్ కోసం వెతికి మరీ ఎక్కించాను. ఇద్దరమే ఉన్నాం కాబట్టి తగల్లేదు. అయిదుగురు, లగేజీతో అయితే వంకరగా ఎక్కించాల్సిందే.

తర్వాత 320ఎల్‌డి పాతది ఒకటి దొరికితే దాన్నీ నడిపాను. 80లో పోతూ కొంచెం తొక్కితే లారీ వెనక్కి పోతుంది, టాకోమీటర్ ముల్లు రెండున్నర వేల ఆర్‌పీఎం దాటదు. సారు చెప్పిన టార్క్ సంగతి అప్పుడు అర్థమైంది.

గద్వాల_కోట
ఎన్నేళ్ళది? వారంటీ ఎంత మిగిలింది? పొడిగించింది నీ పేరు మీదకు మారుతుందని రాతలో తీసుకున్నావా?

నీలగిరి_నడక
రెండేళ్ళ రెండు నెలలు, 26,000 కి.మీ., తెలంగాణ బండే. వారంటీ పొడిగించి ఉంది, ఇంకో రెండేళ్ళు, బదిలీ అవుతుందని మెయిల్ తీసుకున్నాను. మాడ్యూళ్ళన్నీ స్కాన్ చేయించాను, కిలోమీటర్లు కలిశాయి. బ్రేక్ పెడల్ రబ్బరు కూడా చూశాను, సేల్స్ పిల్లాడు విచిత్రంగా చూశాడు. 43 లక్షలకు తెగింది. నేను గీసిన గీతకు ఇంకా 32 మిగిలింది. అందులో ఎనిమిది ఎఫ్‌డీ వేశాను. సర్టిఫికెట్ మీద "బుష్‌లు, గొట్టాలు" అని పెన్సిల్‌తో రాసుకున్నా.

లెక్కల_సారు
మిగతా 24?

నీలగిరి_నడక
మా ఆవిడకు తెలిసిపోయింది సార్.

పాలమూరు_పిల్లగాడు
అన్నా, ఎప్పుడైనా పాలమూరు దిక్కు వస్తే పిల్లలమర్రి దాకా ఒక్క రౌండ్. నేను పక్క సీట్లోనే కూర్చుంటా, స్టీరింగ్ అడగను.

జడ్చర్ల_జంక్షన్
డిక్కీలో స్టెప్నీ ఉందా?

నీలగిరి_నడక
లేదన్నా. సన్నది ఒకటి ఆర్డర్ పెట్టాను.

మిర్యాల_మిల్లుబావ
అన్నా, ఆక్టేవియా ఏం చేస్తున్నవ్? కొత్త షాక్‌లు, కొత్త టైర్లు అన్నవు. రానుపోను నెలకు రెండుసార్లు మా ఊరి మీదుగనే పోతవు కద, ఒకసారి మిల్లు కాడ ఆపు, మాట్లాడుకుందాం. దానికి డీపీఎఫ్ గొడవ లేదు కద?

నీలగిరి_నడక
లేట్ చేశావు బావా. మొన్న ఆదివారం తమ్ముడు వచ్చి తాళంచెవి పట్టుకుపోయాడు. వాడు ఇన్నాళ్ళూ నడిపింది పెట్రోల్ బండి. డీజిల్ పోయించు, డీజిల్ పోయించు అని రెండుసార్లు చెప్పి పంపించాను, సరిపోదని ట్యాంక్ మూత మీద స్టిక్కర్ కూడా వేశాను.